వీధియు ఉద్యానమును వరములు కావు

మన పట్టణములలో ఏ వీధిమొగమున నిలిచినను వినవచ్చు మాట యొకటి కలదు: "మా కౌన్సిలరు మాకు రోడ్డు వేయించినాడు, మా వార్డునకు పార్కు తెచ్చినాడు" అని. చెప్పువారి కంఠమున కృతజ్ఞత యుండును. వినువారు పొరుగు వార్డువారైనచో వారి మనస్సున ఒక చిన్న అసూయయు ఉండును. ఈ మాటను మేము తేలికగ త్రోసివేయము. వానకాలమున మోకాలిలోతు బురదలో బిడ్డను చంకనెత్తుకొని బడికి నడిచిన తల్లికి గట్టిబాట విలువ యెట్టిదో ఒకరు చెప్పనక్కఱలేదు. అయినను "వేయించినాడు", "తెచ్చినాడు" అను రెండు క్రియలలో మన పురపాలనముయొక్క మేలును కీడును రెండును ఇమిడియున్నవి. పని జరిగినది, అది మేలు. ఆ పని హక్కుగ గాక అనుగ్రహముగ జరిగినదని జనులు తలంచుచున్నారు, అది కీడు. ఈ రెంటిని వేఱుచేసి చూచుట యీ వ్యాసమున మా ఉద్దేశము.

వీధిదీపము, మురుగుకాలువ, పిల్లలాడుకొను మైదానము, ఇవి రాజకీయములు కావనియు, పెద్ద విషయములు శాసనసభలలోను పార్లమెంటులోను జరుగుననియు తలంచు విద్యావంతులు మనలో పెక్కురు కలరు. స్వాతంత్ర్యసమర నాయకులట్లు తలంపలేదు. రాజగోపాలాచార్యులవారు 1917లో సేలము మునిసిపాలిటీ అధ్యక్షులైరి. వల్లభభాయి పటేలు 1924 మొదలు 1928 వఱకు అహమ్మదాబాదు పురపాలక సంఘమునకు అధ్యక్షులుగ నుండి నీళ్లకొళాయిలు, మురుగుకాలువలు, పాకీపని మొదలగువాని లెక్కలు చూచిరి. చిత్తరంజనదాసుగారు 1924లో కలకత్తాకు ప్రథమ మేయరైరి. జవహర్లాలు 1923లో అలహాబాదు సంఘాధ్యక్ష పదవి వహించిరి. మన ప్రకాశంపంతులుగారు రాజమహేంద్రవరమున మునిసిపల్ చైర్మను పదవినుండియే ప్రజాజీవితమున ముందడుగు వేసిరి. ఊరి చెత్త నెత్తించుట తమ గౌరవమునకు తక్కువని వీరెవరును తలంపలేదు. ఇంటివాకిట కానరాని స్వరాజ్యము ఢిల్లీలో నున్నను సామాన్యునకు దానితో పని యేమి?

మన తెలుగుదేశముననే మఱియొక గొప్ప పాఠము కలదు. చీరాల పేరాల గ్రామములను కలిపి మునిసిపాలిటీగ చేసిరి. అంతకుముందు ఏటికి 4,000 రూపాయలుగ నుండిన పన్ను 40,000 రూపాయల వఱకు పెరిగినదని చరిత్రకారులు వ్రాసియున్నారు. సౌకర్యములు పెరుగక పన్ను మాత్రము పెరిగినందున జనులు మొఱపెట్టిరి. వినువారు లేకపోగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ఊరినే విడిచి, మునిసిపల్ ఎల్లకు వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని సుమారు 11 నెలలు ఎండకు వానకు ఓర్చి నిలిచిరి. పన్నునకు తగిన పని యేదియని అడుగుట ఆ మహోద్యమముయొక్క సారములలో నొకటి. ఆనాడు అడిగినది పరప్రభుత్వమును. నేడు అడుగవలసినది మన యోటుతో గద్దెనెక్కిన మన సోదరులను. అడుగువాడు మాఱలేదు, అడుగవలసిన ప్రశ్నయు మాఱలేదు.

చట్టమును చూతము. 1882లో రిప్పను ప్రభువు చేసిన తీర్మానము స్థానిక స్వపరిపాలనమునకు పునాదియని చెప్పుదురు. అది పాలకుడిచ్చిన దానము. స్వతంత్రభారతమున 74వ రాజ్యాంగ సవరణము 1992లో ఆమోదింపబడి 1993 జూన్ 1 మొదలు అమలులోనికి వచ్చినది. దానితో పురపాలక సంఘములు రాజ్యాంగముననే స్థానము సంపాదించినవి. 12వ షెడ్యూలున 18 విషయములు పేర్కొనబడినవి. అందు రోడ్లును వంతెనలును ఒకటి. పార్కులు, తోటలు, ఆటస్థలములు ఒకటి. వీధిదీపములు, బస్సులు నిలుచు తావులు మొదలగు ప్రజాసౌకర్యములు మఱియొకటి. కావున కౌన్సిలరు వీధి బాగుచేయించుట తన మంచితనముచేత చేయు పుణ్యకార్యము కాదు. అది ఆయన కూర్చుండు సభకు దేశముయొక్క మూలశాసనము తలచిన పని.

"నిధులు లేవు" అను సమాధానమును మనమందఱము వినియున్నాము. ఈ సమాధానమునకు సుప్రీంకోర్టు 1980లోనే జవాబు చెప్పినది. మధ్యప్రదేశమందలి రత్లాము పట్టణమున ఒక వార్డు ప్రజలు తెఱపి మురుగుకాలువల దుర్గంధమును భరింపలేక మేజిస్ట్రేటు నాశ్రయించిరి. కాలువలు కట్టించుడని ఆయన ఉత్తరువు చేసెను. మునిసిపాలిటీవారు తమయొద్ద ధనము లేదని ఆ వ్యాజ్యమును సుప్రీంకోర్టు వఱకు కొనిపోయిరి. జస్టిస్ కృష్ణయ్యరుగారు వ్రాసిన తీర్పులో, ప్రజారోగ్యమును కాపాడుట సంఘముయొక్క ప్రథమ ధర్మమనియు, ధనలేమి సాకుగ చూపి దానినుండి తప్పించుకొన వీలులేదనియు తేల్చిరి. ఆనాడు ఆ ప్రజలకు తోడైనది క్రిమినల్ ప్రొసీజరు కోడు 133వ సెక్షను. 2024 జూలై 1 మొదలు అమలుకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే విషయము 152వ సెక్షనుగ నున్నది. కోర్టులలో పని చేయు మావంటివారము దీనిని క్లయింట్లకు చెప్పుటకంటె ముందు పొరుగువారికి చెప్పుట మంచిది.

ఇక కౌన్సిలరు చేయగలిగినదేమో చూతము. ఆయన చేతిలో డబ్బుసంచి లేదు. ఆయన సంతకముతో రాయి కదలదు. వీధికి రోడ్డు వచ్చుట యనునది పెక్కు మెట్లు గల మార్గము. ముందు పౌరుల అర్జీ, తరువాత ఇంజనీరు వచ్చి కొలిచి అంచనా వేయుట, ఆ అంచనా బడ్జెట్టున చేరుట, సభ అజెండాలోనికి వచ్చి తీర్మానమగుట, టెండరు పిలుచుట, కంట్రాక్టరునకు పని యప్పగించుట, పని జరుగుచుండగ కొలతల పుస్తకమున వ్రాయుట, తుదకు బిల్లు చెల్లించుట. ఈ మెట్లలో ఎచ్చటనైనను కాగితము నిద్రపోవచ్చును. ఇంజనీరు బదిలీయైనచో నిద్రపోవును. మార్చినెల గడచిపోయినచో నిద్రపోవును. మంచి కౌన్సిలరు పని, మెట్టుమెట్టున ఆ కాగితమును తట్టి లేపుట. ఏ పని ఏ మెట్టుననున్నదో తన వార్డువారికి తేదీలతో చెప్పగలిగిన కౌన్సిలరు ఉత్తముడు. "అయిపోవును, చూతము" అని చెప్పువాడు మధ్యముడు. ఎన్నికల తరువాత కనబడనివాని మాట మేమేల చెప్పవలెను?

ఇచ్చటనే యొక హెచ్చరిక. పని తెచ్చుట వేఱు, పని సరిగ చేయించుట వేఱు. మన వీధులలో తఱచుగ చూచు వింత యిది: సిమెంటు రోడ్డు పోసి కొబ్బరికాయ కొట్టిన కొన్నివారములకే నీటిగొట్టమువారు వచ్చి నడుమ త్రవ్వుదురు. వారు పూడ్చి వెళ్లిన పిమ్మట తంతిపనివారు ప్రక్కన త్రవ్వుదురు. ముందు గొట్టము, తరువాత కాలువ, చివరకు రోడ్డు అను క్రమము ఇల్లు కట్టు మేస్త్రీకి తెలియును. అయిదారు శాఖలు కలసి కూర్చుండని కార్యాలయమునకు తెలియదు. వార్డులోని అన్ని శాఖల పనులను ఒక్క కాగితముపై వరుసగ వ్రాయించి, ఆ వరుస తప్పినచో తీర్మానమునకు ఒప్పుకొనని కౌన్సిలరు ఒక్కడున్నచో ఎన్ని లక్షలు మిగులునో చదువరులే లెక్కించుకొనవచ్చును.

రెండవ వింత గడపల మునక. పాత రోడ్డును పెకలింపక దానిమీదనే మఱియొక పొర పోయుదురు. కొన్నియేండ్లకు మఱియొక పొర. ఇట్లు బాట పైకి లేచుచుండ గడపలు క్రిందికి పోవును. తండ్రి కట్టినప్పుడు మూడు మెట్లెక్కి పోవలసిన ఇంటిలోనికి కొడుకు కాలమున ఒక మెట్టు దిగి పోవలసివచ్చును. వాననీరును ఆ మెట్టే దిగి లోపలికి వచ్చును. రోడ్డు వేయించినందుకు కౌన్సిలరునకు దండలు వేసినవారే కార్తెలు మాఱగనే బొక్కెనలతో నీరు తోడుకొనుట మనమెఱిగినదే. పాత పొరను తీసి, పాత మట్టమునకే క్రొత్త బాట వేయవలెనని అంచనాలోనే వ్రాయించుట కౌన్సిలరు చేయదగిన పని. అందుకు కావలసినది పొడుగైన ఉపన్యాసము కాదు. అంచనాకాగితమును ఒక్కమాఱు శ్రద్ధతో చదువుట.

మూడవది కాలిబాట. మన పట్టణములలో రోడ్డన్నచో బండ్ల దారియని యర్థమైపోయినది. నడచువాడు బండ్లకును కాలువకును నడుమ తన ప్రాణమును చేతబట్టుకొని పోవలసినదే. భారత రోడ్డు కాంగ్రెసువారు 2012లో ప్రకటించిన నియమావళి ప్రకారము కాలిబాట అడ్డంకులు లేక కనీసము 1.8 మీటర్ల వెడల్పుండవలెను. అడ్డంకులు లేని కాలిబాట పౌరుని జీవితహక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పినది. బండి కొనలేనివాడు, ముసలివాడు, చక్రముల కుర్చీలో పోవువాడు, బడిపిల్ల, వీరందఱి రోడ్డు కాలిబాటయే. దానిని మఱచి వేసిన రోడ్డు సగము జనులకే వేసిన రోడ్డు.

అయితే కాలిబాటను ఖాళీచేయుదుమని చెప్పి, దినమంతయు ఎండలో నిలిచి కూరలమ్ముకొను ముసలమ్మ గంపను లారీకెక్కించుటను మేము అభివృద్ధి యనము. వీధి వర్తకులను రక్షించుటకు 2014లో పార్లమెంటు చట్టము చేసినది. దాని ప్రకారము పట్టణ వర్తక సంఘమున సభ్యులలో నూటికి 40 మందికి తక్కువగాక వీధివర్తకులే యుండవలెను. వారిని లెక్కించి, అమ్ముకొనుటకు తావులు గుర్తింపవలెను. తోపుడుబండిని తొలగించినంత వేగముగ, కాలిబాటపైకి జరిగిన పెద్ద దుకాణపు మెట్లను తొలగించిన పురపాలక సంఘములు ఎన్ని కలవు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల కౌన్సిలరే వీధి బాగుచేసితినని చెప్పుకొన నర్హుడు.

ఇప్పుడు ఉద్యానముల మాట. ఇంటిస్థలములుగ భూమిని విభజించునపుడు అందులో నూటికి పదివంతులు ప్రజలకొఱకు ఖాళీస్థలముగ విడిచి సంఘమునకు అప్పగింపవలెనని మన లేఅవుటు నియమములు. ప్లానుకాగితముపై ఆ స్థలమునకు పచ్చరంగు పూసియుందురు. నేలపై వెదకినచో కొన్నిచోట్ల ఇటుకగోడయు, కొన్నిచోట్ల గుడియు, కొన్నిచోట్ల ఎవరిదో కారుషెడ్డును కనబడును. ఇది ఒక్క మన పట్టణముల రోగము కాదు. బెంగుళూరున ఒక పేటలో పార్కునకని కేటాయించిన స్థలమును ప్రభుత్వము ఒక ప్రైవేటు ట్రస్టునకు ఆసుపత్రి కట్టుకొన నిచ్చినది. ఇరుగుపొరుగువారు వ్యాజ్యము వేసిరి. ఆసుపత్రియు మంచిదే కదాయని వాదము వచ్చినది. 1991లో సుప్రీంకోర్టు ఆ వాదము నంగీకరింపక, ఉద్యానస్థలమును రక్షించుట ప్రజాహితమనియు, ఆ పేటవాసులకు కోర్టున కడుగు హక్కున్నదనియు నిర్ణయించినది. మంచిపేరు గల కార్యముచేతనే మంచిస్థలములు ఎక్కువగ పోవునని దీనివలన నేర్వవలెను. క్రొత్త పార్కు తెచ్చుటకంటె ముందు, ప్లానులోనున్న పార్కు నేలపై యున్నదో లేదో కొలిపించి కంచె వేయించు కౌన్సిలరు ఎక్కువ మేలు చేసినవాడు. ఆ పనికి ప్రారంభోత్సవము లేదు; అందుచేతనే అది అరుదుగ జరుగును.

పట్టణవాసి యొక్కనికి 10 మొదలు 12 చదరపు మీటర్ల ఖాళీస్థలముండుట మంచిదని కేంద్రప్రభుత్వము 2014లో ప్రకటించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకములలో నున్నది. నలుగురున్న ఇంటికి లెక్కవేసినచో ఇది చిన్నయింటి వైశాల్యమంత. మన పాతపేటలలో ఒక మనిషికి ఒక చాపపఱచు స్థలమైన దొరకునా యని సందేహము. ఉన్న కొద్దిపాటి పార్కులనైన ఎట్లు ఉంచుచున్నాము? రంగుల దీపములు, సిమెంటు జింకలు, పలకలు పఱచిన బాటలు, వ్యాయామపు ఇనుపసామాను. వీనిలో ఏదియు తప్పని మేమనము. కాని వైశాఖమాసపు ఎండలో జింక నీడనీయదు. వేప యిచ్చును, కానుగ యిచ్చును, రావి యిచ్చును. త్వరగ పచ్చబడునని కోనోకార్పసు మొక్కలను విరివిగ నాటించి, పిమ్మట నాటవద్దని చెప్పవలసివచ్చిన తెలంగాణపు అనుభవము మన కళ్లయెదుట జరిగినదే. చెట్టు చుట్టును మొదలుదాక సిమెంటు పోయుట మఱియొక దురాచారము. చుట్టును ఒక మీటరు మేర మట్టి విడువవలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు 2013లో ఢిల్లీకి ఆజ్ఞ చేసినది. ఊపిరాడక చచ్చిన చెట్టునకు ఢిల్లీయని, ఏలూరని భేదము లేదు.

పార్కు గేటునకు వేయు తాళమును గూర్చియు ఒక మాట. పగలంతయు తాళము, సాయంకాలము రెండుగంటలు విడుపు, అదియు టిక్కెట్టుతో, ఇట్టి ఏర్పాట్లను సంరక్షణమను పేర సమర్థించువారు కలరు. మధ్యాహ్నము ఎండకు విశ్రమింపగోరు కూలివాడును రిక్షావాడును ఎక్కడికి పోవలెను? ఇరుకైన ఒక్కగదిలో నలుగురు తోబుట్టువులతో చదువుకొను విద్యార్థికి చెట్టుక్రింది బల్లకంటె మంచి గది యేది? తోటను చెడగొట్టువారిని తోటమాలిచేత కాపాడవలెను గాని జనులనందఱిని వెలుపల నిలిపి కాపాడరాదు. తాళముచేత శుభ్రముగనున్న ఉద్యానము, చదువరులను రానీయక పుస్తకములను కాపాడు గ్రంథాలయమువంటిది.

ఏ వీధికి ముందు రోడ్డు రావలెను? ఈ ప్రశ్నయందే పురపాలనయొక్క న్యాయము తేలును. చాలచోట్ల దీనికి మూడు సమాధానములు కలవు: కౌన్సిలరుండు వీధి, కౌన్సిలరు బంధువులుండు వీధి, ఓట్లు బాగుగ పడిన వీధి. పాలకపక్షముకానివాని వార్డు అయినచో అన్ని వీధులును సమానమే, దేనికిని రాదు. ఇది యే యొక్క పక్షముయొక్క దోషముగ మేము చెప్పుటలేదు. గద్దెపై నున్నప్పుడు అన్ని పక్షములును చేయునది, దిగినపిమ్మట అన్నియు ఖండించునది యిదియే. పన్ను కట్టునపుడు కార్యాలయమువారు మీరే పక్షమువారని యడుగుటలేదు. రోడ్డు వేయునపుడు మాత్రము ఏల యడుగవలెను? ఓడిన అభ్యర్థికి ఓటువేసిన వీధికిని వాన ఒక్కతీరుననే కురియును.

దీనికి మార్గము లేకపోలేదు. వీధులన్నింటిని కొలతపై నిలిపి, దేనికి కాలువ లేదు, దేని బాట చెడినది, ఎందఱు నివసింతురు, బడియో ఆసుపత్రియో ఏ దారిననున్నది అని అంకములు వేసి వరుస యేర్పఱచి, ఆ పట్టికను వార్డు కార్యాలయముననే గాక పఠనమందిరముననుగూడ అంటింపవలెను. పూనా నగరమున 2006 మొదలుకొని పౌరులే తమ పేటకు కావలసిన చిన్నపనులను బడ్జెట్టునకు సూచించు పద్ధతి యేర్పడినది. కేరళమున 1996లో ఆరంభమైన ప్రజాప్రణాళికలో వార్డుసభలకు ఇట్టి స్థానమే యిచ్చిరి. మూడులక్షలు, అంతకు మించిన జనసంఖ్య గల పట్టణములలో వార్డు కమిటీలుండవలెనని మన రాజ్యాంగపు 243-ఎస్ అధికరణమే చెప్పుచున్నది. తెలంగాణమున 2019 మునిసిపల్ చట్టము ప్రతివార్డునకును యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖపౌరులు అను నాలుగు కమిటీలను నిర్దేశించినది. బడ్జెట్టున నూటికి పదివంతులు పచ్చదనమునకని ప్రత్యేకించినది. చట్టమున నున్న కమిటీ మీ వార్డున చివరిసారి ఎప్పుడు కూర్చున్నదో చదువరులు మీ కౌన్సిలరు నడుగుడు. సమాధానము చెప్పుటకు ఆయన తడుముకొన్నచో, రోగము ఎచ్చటనున్నదో మీకే తెలియును.

స్త్రీల విషయమున ఒక మాట చెప్పక తప్పదు. రాజ్యాంగము మూడింట నొకవంతు స్థానములను స్త్రీలకు ప్రత్యేకింపగా, మన రెండు తెలుగు రాష్ట్రములును సగము స్థానముల నిచ్చినవి. కొళాయినీరు ఏ వేళకు వచ్చునో, ఏ సందున దీపము లేదో, ఏ మలుపున ఆడపిల్ల భయపడునో పురుషునకంటె వారికి బాగుగ తెలియును. అట్టివారిని ఎన్నుకొని, పిదప సభలో భార్య మౌనముగ కూర్చుండగ వెలుపల భర్త వ్యవహరించుట పలుచోట్ల ఆచారమైనది. "కౌన్సిలరుగారి భర్త"యను పదవి ఏ చట్టమునను లేదు. ఆ పదవిని సృష్టించినవారము మనమే. అర్జీని ఆయన చేతిలో పెట్టువారము మనమే. ఆమె చేతికే యిచ్చి, ఆమె చేతనే సమాధానము చెప్పించుకొన్నచో ఆ పదవి తనంతట తానే రద్దగును.

మా మాటకు ఒక గట్టి ప్రత్యుత్తరము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. "కౌన్సిలరు నేమి యడిగెదరు? అధికారమంతయు కమీషనరుదియు, రాష్ట్రప్రభుత్వముదియు కదా! ఎన్నికలే సరిగ జరుగవు కదా!" అని కౌన్సిలర్లు చెప్పుదురు. ఇందు సత్యమున్నది. విశాఖపట్టణపు మహానగర సంఘమునకు 2012లో గడువు తీరిన పిదప 2021 మార్చి 10 వఱకు ఎన్నిక జరుగలేదు. తొమ్మిదియేండ్లు అంత పెద్దనగరమున పౌరుడు అడుగుటకు తాను ఎన్నుకొన్న మనిషియే లేకపోయెను. రాజ్యాంగపు 243-యు అధికరణము ప్రకారము అయిదేండ్ల గడువు తీరకముందే ఎన్నిక ముగియవలెను. ఈ విధిని వాయిదావేయరాదని సుప్రీంకోర్టు 2006లోను 2022లోను గట్టిగ చెప్పినది. ఎన్నికైన సంఘము లేనిచోట కేంద్ర ఆర్థికసంఘపు గ్రాంటులును నిలిచిపోవును. అనగా ఎన్నిక వాయిదాపడినచో పోవునది కౌన్సిలరు కుర్చీ మాత్రమే కాదు, వీధికి రావలసిన డబ్బును పోవును.

కాని యీ ప్రత్యుత్తరము సగము జవాబే. అధికారము తక్కువయని చెప్పు కౌన్సిలర్లు, ఉన్న అధికారమును ఎంత వినియోగించుచున్నారు? సభలో ప్రశ్న వేయు అధికారము కలదు. అంచనా చూచు అధికారము కలదు. నాసిపనికి అభ్యంతరము చెప్పి మినిట్లలో వ్రాయించు అధికారము కలదు. అజెండాను చదువక చేయెత్తి, మఱుదినము పత్రికలలో అధికారులను నిందించుటకు ఏ సవరణమును అక్కఱలేదు. ఉన్నదానిని వాడినవానికే లేనిదానిని అడుగు హక్కు వచ్చును.

ఇక పౌరుల వంతు. మనము నిర్దోషులము కాము. వీధి యిరుకైనదని మొఱపెట్టుచు అరుగును రెండడుగులు ముందుకు జరిపినవారము మనలో లేరా? కాలువ పూడినదని అర్జీ వ్రాసి, ఆ సాయంకాలమే చెత్తసంచిని ఆ కాలువలో వేసినవారు లేరా? పన్ను కట్టక సౌకర్య మడుగుట న్యాయము కాదు. కట్టిన పన్నునకు లెక్క యడుగకుండుటయు ధర్మము కాదు. ఆంధ్రదేశమున 2020లో చట్టమును సవరించి ఆస్తి విలువనుబట్టి ఇంటిపన్ను నిర్ణయించు పద్ధతి తెచ్చిరి. ఏటికి నూటికి 15కు మించి పెంపు ఉండదని చెప్పిరి. పెరిగిన పన్నులో తమ వార్డునకు ఎంత తిరిగివచ్చినదని అడిగినవారు ఎందఱు?

అడుగుటకు ఆయుధము చేతనున్నది. 2005 సమాచార హక్కు చట్టమున చాలమంది గమనింపని మాట యొకటి కలదు. కాగితముల నకళ్లు పొందుటయే గాక, జరుగుచున్న పనిని తనిఖీచేయుటయు, వాడిన సామగ్రినుండి ధ్రువీకృతమైన నమూనా తీసికొనుటయు ఆ చట్టమున సమాచార హక్కులో భాగములే. మీ వీధి రోడ్డులో సిమెంటెంత, ఇసుకయెంతయని అడుగవచ్చును. అంచనా నకలును, కొలతల పుస్తకపు నకలును అడుగవచ్చును. 30 దినములలో సమాధానము రావలెను. ఒక వీధిన ఒక్క పౌరుడు ఇట్లడిగినచో కంట్రాక్టరు జాగ్రత్తపడును. వీధికొక్కరడిగినచో పట్టణమే మాఱును.

కావున మా సూచనలను క్లుప్తముగ చెప్పుదుము. ప్రతి వార్డునను ఏడాదికి రెండుమాఱులైన బహిరంగసభ జరిపి, బడ్జెట్టునకు ముందొకమాఱు కావలసిన పనుల పట్టికయు, సంవత్సరాంతమున నొకమాఱు అయిన పనుల లెక్కయు కౌన్సిలరు చదువవలెను. పని జరుగుచోట నాటు పలకపై పేర్లకంటె ముందు అంచనా మొత్తము, పొడవు వెడల్పులు, మందము, కంట్రాక్టరు మరమ్మతు చేయవలసిన గడువు వ్రాయవలెను. ఉద్యానస్థలములన్నింటిని కొలిపించి పటమును ప్రకటింపవలెను. గొట్టము, కాలువ, బాట అను క్రమము తప్పిన పనికి బిల్లు చెల్లింపరాదు. ఇందు ఏ యొక్కటియు క్రొత్త చట్టము కోరదు, కోట్లు కోరదు. కావలసినది శ్రద్ధ.

శిలాఫలకముపై పేరు చెక్కించుకొను ఆశను మేము పూర్తిగ నిందింపము. మంచిపని చేసి పేరు కోరుట మానవస్వభావము. అయితే పలకపై పేరు నాలుగువానలకు వెలిసిపోవును. నీరునిలువని వీధిలో నడచు ముసలివాని నోట, వేపచెట్టు నీడను ఆడుకొను పిల్లవాని మనస్సున నిలిచిన పేరు వెలిసిపోదు. అట్టి కౌన్సిలర్లు మన పట్టణములలో లేకపోలేదు. వారిని మేము మనసార అభినందించుచున్నాము. ఆ పనిని తాము చేసిన ఉపకారమని గాక, ప్రజల సొత్తును ప్రజలకు ముట్టజెప్పితిమని వారు తలంతురుగాక యని కోరుచున్నాము.

చదువరులారా! ఈ వారము మీ వీధిని ఒక్కమాఱు ఈ చివరనుండి ఆ చివరవఱకు నడచి చూడుడు. కాలువ యెక్కడ తెగినది, దీపమెక్కడ వెలుగదు, పార్కు స్థలమెంత మిగిలినదియని కాగితముపై వ్రాయుడు. నలుగురు సంతకములు చేసి కౌన్సిలరునకిచ్చి, ముట్టినట్లు తేదీతో సంతకము తీసికొనుడు. నెలదినములు గడచిన పిమ్మట మరల పోయి అడుగుడు. ఓటు అయిదేండ్లకొకమాఱు వచ్చునది. అడుగు హక్కు దినదినమును మన చేతనున్నది.